ముగ్గుల వ్యాసాలకు నిలువు చిత్రాలు: దీర్ఘకాల వాడకం తరువాత నా సమీక్ష

ముగ్గులు వేసే పద్ధతులను వివరించే ఒక తెలుగు వెబ్‌సైటును కొన్నేళ్లుగా నడుపుతున్నాను. చిత్రాలను దాచుకుని పంచుకునే పింటరెస్ట్ వేదిక నుంచి పాఠకులను రప్పించడానికి ప్రతి వ్యాసానికీ ఒక నిలువు చిత్రాన్ని తయారుచేసి జతపరుస్తున్నాను. ముగ్గులు, వంటలు, కుట్లు అల్లికలు వంటి, ఒక్కో మెట్టూ చూపిస్తూ చెప్పవలసిన విషయాలకు ఈ పద్ధతి శ్రమకు తగిన ఫలితం ఇస్తుందని నా అనుభవం చెబుతోంది. అయితే ఆ ఫలితం చిత్రం నిలువుగా ఉండటం వల్ల మాత్రమే రాదు. చిత్రంలో ఎంత చూపాలి, వ్యాసానికి ఎంత మిగల్చాలి అన్న నిర్ణయం మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

పింటరెస్ట్ సూచించే నిష్పత్తి 2:3, అంటే 1000 పిక్సెళ్ల వెడల్పు, 1500 పిక్సెళ్ల ఎత్తు. ఫోనులో చిత్రాలు రెండు వరుసలుగా కనిపిస్తాయి కనుక వెడల్పు అన్ని చిత్రాలకూ ఒకటే, ఎత్తు ఉన్న చిత్రానికి మాత్రం ఎక్కువ చోటు దక్కుతుంది. అలాగని ఎత్తును ఇంకా పెంచితే ఫీడ్‌లో కింది భాగం తెగిపోయే ప్రమాదం ఉంది.

ముగ్గు సాధారణంగా చతురస్రంలో ఇమిడే ఆకృతి కాబట్టి నిలువు చిత్రంలో ఒకే ముగ్గు పెడితే పైనా కిందా చోటు వృథా అవుతుంది. ఉదాహరణకు 15 చుక్కలు 8 వరకు సందు చుక్కతో వేసే మెలికల ముగ్గుకు నేను పైన 200 పిక్సెళ్ల పట్టీలో పేరు, చుక్కల లెక్క ఇచ్చి, దాని కింద 650 పిక్సెళ్ల చొప్పున రెండు భాగాలు చేస్తాను: మొదటి దానిలో చుక్కలు, రెండవ దానిలో పూర్తయిన ముగ్గు. మధ్య దశను కూడా కలిపి మూడు భాగాలు చేస్తే ఒక్కో దానికి 430 పిక్సెళ్లే మిగులుతాయి. ఫోను తెర మీద సగం వెడల్పులో ఆ చుక్కలను లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు.

మధ్య దశను వదిలిపెట్టడానికి అంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. పింటరెస్ట్ గణాంకాలలో సేవ్‌లు (చిత్రాన్ని దాచుకోవడం), పిన్ క్లిక్‌లు (పిన్‌ను, అంటే అక్కడ పెట్టిన చిత్రాన్ని, తెరిచి చూడటం), అవుట్‌బౌండ్ క్లిక్‌లు (లింకు నొక్కి బయటి సైటుకు వెళ్లడం) వేర్వేరుగా ఉంటాయి. వాటిలో చివరివి మాత్రమే మన వ్యాసానికి వచ్చినవారి లెక్క. గీతలు కలిపే క్రమం మొత్తం చిత్రంలోనే ఉన్నప్పుడు సేవ్‌లు బాగా పెరిగాయి కానీ వ్యాసానికి వచ్చేవారు తగ్గారు, ఎందుకంటే వాళ్లకు కావలసినది అక్కడే దొరికిపోయింది. చుక్కల లెక్కను దాచిపెట్టి ఆసక్తి రేపే పద్ధతి మాత్రం నాకు నచ్చదు. చుక్కల లెక్క చూశాకే కదా ఆ ముగ్గు తమ వాకిలికి సరిపోతుందో లేదో ఎవరైనా తేల్చుకోగలిగేది! లెక్కను స్పష్టంగా ఇచ్చి, మెలిక ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో వ్యాసంలో వివరించడం పాఠకులకూ వెబ్‌సైటుకూ న్యాయమైన పద్ధతి.

ఈ చిత్రాన్ని వ్యాసం మొదట్లో పెట్టకూడదు. ఫోను తెర దాదాపు నిండిపోయి అసలు విషయం కిందికి జారిపోతుంది. నేను దశల వివరణ అయిపోయిన తరువాత పెడుతున్నాను. చిత్రం తెరుచుకునేటప్పుడు పేజీ కుదుపుకు లోనుకాకుండా కోడ్‌లో వెడల్పు, ఎత్తు ముందే ఇస్తున్నాను. ఫేస్‌బుక్, వాట్సాప్‌ల కోసం ఓజీ ఇమేజ్‌గా (లింకు పంచుకున్నప్పుడు కనిపించే బొమ్మగా) 1200 x 630 కొలతల అడ్డ చిత్రాన్ని విడిగా ఉంచడం తప్పనిసరి. నిలువు చిత్రమే అక్కడికి వెళ్తే మధ్య భాగం మాత్రమే మిగిలి, చుక్కల అడుగు సగం, ముగ్గు పై భాగం కొంత కలిసిన అర్థంలేని బొమ్మ కనిపిస్తుంది.

కాలం విషయంలో నిలువు చిత్రం నిజంగా గొప్పగా ఆదుకుంది. ఫేస్‌బుక్ పోస్టు కొద్ది రోజుల్లో మరుగున పడుతుంది; పింటరెస్ట్‌లో ఎప్పుడో పెట్టిన రథం ముగ్గు ప్రతి ధనుర్మాసానికీ మళ్లీ పాఠకులను తీసుకువస్తుంది. డిసెంబరు మధ్యలో నెలపట్టే నాటికి కొత్త చిత్రాలు వెతుకులాటలో కుదురుకోవాలంటే వాటిని అక్టోబరు చివరిలోగా పెట్టాలి. ఇలా వచ్చేవారిలో అమెరికాలోని తెలుగువారు గణనీయంగా ఉన్నారు, వారు ఎక్కువగా చిన్న ముగ్గులనే ఎంచుకుంటున్నారు.

తెలుగు అక్షరాల విషయంలో జాగ్రత్త అవసరం. పాత ఫొటోషాప్ వెర్షన్లలో దక్షిణాసియా లిపులకు తగిన అమరికను ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి ‘ముగ్గు’ కాస్తా ‘ముగ్‌గు’ అవుతుంది. శీర్షికలకు సిలికానాంధ్ర అందించిన ఉచిత ఖతులలో (ఫాంట్లలో) రామభద్రను వాడుతున్నాను. దాని మందం వల్ల చిన్న తెర మీద కూడా చదవగలుగుతున్నారు. పిన్ వివరణలో తెలుగు లిపితో పాటు అవే మాటలను ఇంగ్లిషు అక్షరాలలోనూ రాయాలి, ఎందుకంటే మనవాళ్లలో చాలామంది అలాగే వెతుకుతారు.

నన్ను నిజంగా బాధించేది చిత్రాల చౌర్యం. కింది అంచున వెబ్‌సైటు పేరు ఉంటే దాన్ని కత్తిరించి, తమ లింకుతో తిరిగి పెట్టేవారు ఉన్నారు. అందుకని పేరును చుక్కల బొమ్మకూ పూర్తయిన ముగ్గుకూ నడుమ సన్నని పట్టీలో వేస్తున్నాను. అక్కడ కత్తిరిస్తే చిత్రం రెండు ముక్కలవుతుంది కనుక కత్తిరింపులు బాగా తగ్గాయి.