"మైనస్ పది" స్లీపింగ్ బ్యాగ్ కొంటున్నారా? ముందు లోపలి ట్యాగ్ చూడండి

ట్రెక్కింగ్ సామాను అమ్మే ఆ హైదరాబాద్ ఇన్‌స్టాగ్రామ్ పేజీ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మంచులో చేతులు చాచి నిలబడి రీల్స్ పెడతాడు, "మన తెలుగోళ్లకి మన రేటు" అంటాడు, ఆయనే. పేరు రాయడం లేదు. రాస్తే లాయర్ నోటీసు పంపిస్తానని ముందే బెదిరించాడు. ఎనిమిది డిగ్రీల బ్యాగ్‌కి మైనస్ పది అని స్టిక్కర్ వేసి అమ్మినవాడికి నోటీసు ఎంత పని!

వెళ్లింది కేదార్‌కాంఠకి. ఉత్తరకాశీ జిల్లాలో సాంక్రీ నుంచి మొదలయ్యే నడక, పైన దాదాపు 12,500 అడుగులు, జనవరి నెల. మొదటిసారి మంచు ట్రెక్‌కి వెళ్లేవాళ్లలో చాలామంది పోయేది అక్కడికే కాబట్టి దాని గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. నేను, మా ఆయన, మా ఆడపడుచు. ట్రెక్ వాళ్లే స్లీపింగ్ బ్యాగులు ఇస్తారు. కానీ సీజనంతా ఎవరెవరో పడుకున్న దాంట్లో దూరడం నాకు మనసొప్పలేదు. సొంతది కొందామనుకున్నాను. మా ఆయన వద్దన్నారు. ఆ మాట ఇప్పటికి ఎన్నిసార్లు గుర్తుచేశారో అడక్కండి.

స్లీపింగ్ బ్యాగ్ 4,500, షూస్ 3,800, థర్మల్స్, జాకెట్ వేరే. కొనేదాకా "అక్కా, అక్కా" అంటూ ఎంత ఓపికో! రాత్రి పదకొండింటికి వీడియో కాల్ చేసి జిప్ లాగి చూపించాడు. "మైనస్ పది అక్కా, కళ్లు మూసుకుని పడుకోండి" అన్నాడు. కింద వేసుకోవడానికి మంచి మ్యాట్ ఏమైనా కావాలా అంటే, "ఈ బ్యాగ్ ఉంటే మ్యాట్ దండగ అక్కా, డబ్బులు మిగుల్చుకోండి" అన్నాడు. నా డబ్బుల మీద ఎంత శ్రద్ధో చూడండి. అరచేతిలో వైకుంఠం చూపించడమంటే ఇదే.

జూడా కా తాలాబ్ దగ్గర మొదటి రాత్రి. సుమారు 9,000 అడుగుల ఎత్తు. వంట టెంటు బయట వేలాడదీసిన థర్మామీటర్ మైనస్ ఆరు చూపిస్తోంది. మైనస్ పది బ్యాగ్ ఉందిగా, నాకేం భయం? థర్మల్స్, స్వెటర్, రెండు జతల సాక్సులు, టోపీ అన్నీ వేసుకునే లోపల దూరాను. గంటలోపే పాదాలు మొద్దుబారాయి. తర్వాత నడుం కింద నుంచి, నేల నుంచే చలి ఎక్కడం మొదలుపెట్టింది. పళ్లు టకటకా కొట్టుకుంటుంటే ఆపుకోలేకపోయాను. అద్దె బ్యాగ్‌లో మా ఆయన గురక. ఆ గురక వింటుంటే పుట్టిన కోపంతోనైనా కాస్త వెచ్చబడతానేమో అనుకున్నాను, అదీ కాలేదు.

చివరికి మా ఆడపడుచు లేచి గైడ్‌ని పిలుచుకొచ్చింది. ఇరవై ఏళ్లు కూడా ఉండవు ఆ అబ్బాయికి. "దీదీ, ఈ బ్యాగ్ ఎక్కడిది?" అని అడిగాడు. ఒక్క మాట కూడా అనకుండా దాన్ని లోపల నుంచి బయటికి తిరగేసి, కుట్టు పక్కన ఉన్న ట్యాగ్ మీద హెడ్‌ల్యాంప్ వేశాడు. ట్యాగ్ మీద షాపు వాళ్ల గుండ్రటి స్టిక్కర్, దాని మీద పెద్ద అక్షరాల్లో "-10". అబ్బాయి గోటితో గీకి లేపాడు. కింద కంపెనీ వాళ్లు అచ్చువేసినవి మూడు అంకెలు: కంఫర్ట్ ప్లస్ 8, లిమిట్ ప్లస్ 4, ఎక్స్‌ట్రీమ్ మైనస్ 10.

ప్లస్ ఎనిమిది. పటాన్‌చెరు వైపు గట్టి చలిగాలులు వీచినప్పుడు తెల్లవారుజామున ఉండే చలి అది. దానికి సరిపోయే బ్యాగ్ వేసుకుని నేను మంచులో పడుకున్నాను.

ఆ అంకెలంటే ఏంటో తిరిగొచ్చాక కూర్చుని చదివాను. స్లీపింగ్ బ్యాగులకి యూరప్‌లో ఒక ప్రమాణం ఉంది. పాతది ఈఎన్ 13537, ఇప్పుడది ఐఎస్ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రమాణం. లోపల వేడి పుట్టించే నిలువెత్తు బొమ్మని బ్యాగ్‌లో పెట్టి, చల్లటి గదిలో ఎంత వేడి పోతోందో కొలుస్తారు. దాన్నిబట్టి లెక్కగట్టేవే ఆ అంకెలు. కంఫర్ట్ అంటే ఒక సగటు ఆడమనిషి వణక్కుండా, మామూలుగా నిద్రపోగలిగే ఉష్ణోగ్రత. లిమిట్ అంటే ఒక సగటు మగవాడు ముడుచుకుని పడుకుని ఎలాగోలా ఎనిమిది గంటలు లాక్కొచ్చేది. ఎక్స్‌ట్రీమ్ అంటే నిద్ర సంగతి మర్చిపోండి, ఆరు గంటల పాటు ప్రాణం నిలబడితే చాలు అనే లెక్క. ఒళ్లు చల్లబడి ప్రమాదం జరిగే అవకాశం అప్పటికే ఉంటుంది. అంటే మనం చూడాల్సింది మొదటి అంకె. షాపుల వాళ్లు చూపించేది చివరిది.

బ్యాగ్ తయారుచేసిన కంపెనీది ఇందులో తప్పేం లేదు. వాళ్లు నిజాయితీగా మూడూ వేశారు. ఆ నిజం మీద స్టిక్కర్ అంటించింది మన "మన రేటు" గారు.

ఆ రాత్రికి ఆ అబ్బాయి తన దగ్గర ఉన్న అద్దె బ్యాగ్ ఒకటి తెచ్చి నా బ్యాగ్‌ని దాంట్లో దూర్చాడు, కింద ఇంకో ఫోమ్ మ్యాట్ వేశాడు, ప్లాస్టిక్ బాటిల్‌లో వేడినీళ్లు పోసి మూత బిగించి, సాక్సులో పెట్టి కాళ్ల దగ్గర పెట్టుకోమన్నాడు. అప్పుడు నిద్ర పట్టింది. మ్యాట్ దండగ అన్న మాట ఎంత పచ్చి అబద్ధమో కూడా అతనే చెప్పాడు. మనం పడుకున్నప్పుడు ఒంటి కింద ఉన్న దూది నలిగి పల్చబడిపోతుంది. అక్కడ చలిని ఆపేది బ్యాగ్ కాదు, మ్యాటే.

షూస్ సంగతి క్లుప్తంగా. రెండో రోజు ఎడమ కాలి మడమ దగ్గర సోల్ ఊడింది. జిగురు వదలడం కాదు, మధ్య పొర రస్కులా పొడిపొడి అయిపోయింది. షూస్‌లో ఆ మెత్తటి పొర చాలావాటికి పాలీయురేథేన్. వాడకపోయినా సరే, గాలిలో తేమకి ఏళ్లు గడిచేకొద్దీ అది లోపల్లోపల పాడైపోతుంది. గోడౌన్‌లో మగ్గిన పాత సరుకు పైకి కొత్తగానే మెరుస్తుంది, బరువు పడి నడిస్తే విడిపోతుంది. మంచులో జారకుండా తొడిగే మైక్రోస్పైక్స్ రబ్బరు పట్టీ గట్టిగా పట్టి ఉంచింది కాబట్టి కిందికి దిగగలిగాను. లేదంటే సాక్సులతో నడిచేదాన్ని.

థర్మల్స్‌లో సగం కాటన్. ఇంట్లో వేసుకోవడానికి బ్రహ్మాండం. ఎత్తు ఎక్కేటప్పుడు చెమట పీల్చుకుని ఆరకుండా అలాగే ఒంటికి అంటుకుని ఉంది, ఆగిన ప్రతిసారీ వీపు మీద ఐసు పెట్టినట్టయింది. జాకెట్ మాత్రం నిజంగానే బాగుంది. ఒక్కటైనా మంచిది ఇవ్వడం వచ్చినవాడే మిగతావి ఇలా ఇచ్చాడంటే ఇంకా మండుతోంది.

ఇప్పుడు అసలు విషయం. డెహ్రాడూన్‌కి చేరగానే ఫోన్ చేశాను. స్టిక్కర్ ఫోటో, ట్యాగ్ ఫోటో, ఊడిన సోల్ ఫోటో ముందే పంపాను. అప్పటికే నేను అక్కని కాదు, "మేడమ్"ని.

"మేడమ్, ఆడవాళ్లకి చలి ఎక్కువ. దానికి మేమేం చేస్తాం?" అన్నాడు.

సరే, ఆడవాళ్లకి చలి ఎక్కువనే తెలిసినవాడు ఆడమనిషికి అమ్మేటప్పుడు ఏ అంకె చెప్పాలి? కంఫర్ట్ అంకెని లెక్కగట్టేదే ఆడవాళ్లని దృష్టిలో పెట్టుకుని కదా! అది నాకప్పటికి తెలియదు. తెలిసుంటే అక్కడే అడిగేదాన్ని. నేను మాత్రం, "మైనస్ ఆరులోనే వణికి చచ్చాను, మీరు మైనస్ పది అన్నారు" అన్నాను.

దానికి ఆయనగారి జవాబు వినండి. నవ్వాడు. నిజంగా నవ్వాడు, పక్కన ఇంకెవరో కూడా నవ్వారు. "వణికారు కానీ చావలేదు కదా మేడమ్. బతికే వచ్చారు. అంటే రేటింగ్ కరెక్టే."

ఫోన్ నా చేతిలో ఉండిపోయింది. ఆ మాటకి ఏమనాలో తోచలేదు. తర్వాత రైల్లో కూర్చుని మళ్లీ మళ్లీ అదే తల్చుకున్నాను. చదువుకున్నాక పూర్తిగా అర్థమైంది. ఇది పొరపాటు కాదు. ఎక్స్‌ట్రీమ్ అంటే ప్రాణం నిలిపే అంకె అని ఆయనకి ముందే తెలుసు. తెలియని షాపువాడైతే "కంపెనీ అలా చెప్పింది మేడమ్" అనేవాడు, తిట్టుకుని వదిలేసేదాన్ని. ఈయన తెలిసే ఆ అంకె మీద స్టిక్కర్ వేసి, తెలిసే వీడియో కాల్‌లో కళ్లు మూసుకుని పడుకోమన్నాడు. చలికి ఒళ్లు చల్లబడ్డ మనిషి అలా కళ్లు మూసుకుంటే మళ్లీ తెరవకపోవచ్చని కూడా తెలిసే ఉంటుంది.

రిఫండ్ అడిగితే "వాడిన బ్యాగ్ వెనక్కి తీసుకోం, హైజీన్ ప్రాబ్లం" అన్నాడు. వాడకుండా చలి ఆపుతుందో లేదో ఎలా తెలుస్తుందో మరి. షూస్‌కి "మీరు మంచులో వాడారు" అన్నాడు. మంచులో వాడే షూస్ అని అమ్మిన మనిషి ఈ మాట అన్నాడు. చివరికి దయతలచి తర్వాతి ఆర్డర్ మీద 300 రూపాయల కూపన్ ఇచ్చాడు. పోస్టు కింద నేను పెట్టిన కామెంట్ తీసేసి, నన్ను బ్లాక్ చేశాడు. నోటీసు బెదిరింపు ఆ తర్వాత వాళ్ల అసిస్టెంట్ నంబర్ నుంచి వచ్చింది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను. ఆ ఫిర్యాదు నంబర్ పంపిన మర్నాడే "అక్కా, మాట్లాడుకుందాం" అని మెసేజ్. మాట్లాడేదేం లేదు. ఆన్‌లైన్‌లో అమ్మేవాడు ప్రకటనలో చెప్పిన గుణాలు లేని వస్తువుని వెనక్కి తీసుకోను అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. ఇక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు విలువకి ఫీజు కూడా లేదు, మనం ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు. కాబట్టి మీలో ఎవరైనా ఆయన దగ్గర ఇదే బ్యాగ్ కొని ఉంటే ఇప్పుడే తిరగేసి ట్యాగ్ చూసి, స్టిక్కర్ పీకకుండా ముందు ఫోటో తీసి పెట్టుకోండి. నాలా గైడ్ పీకేశాక తీస్తే, స్టిక్కర్ మీరే అంటించారంటాడు. నా విషయంలో ఆ మాట కూడా అన్నాడు.

కొనబోయేవాళ్లకి రెండు ముక్కలు. కంఫర్ట్ అంకె ఎంత అని వాట్సాప్‌లో రాసి అడగండి, రాతలో జవాబు ఇవ్వకపోతే కొనకండి. మీరు వెళ్లే చోట రాత్రి ఉండే చలి కంటే ఆ అంకె ఇంకాస్త తక్కువగా ఉండాలి. షూస్ పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం చూడండి (నా పెట్టె మీద అసలు లేనే లేదు), మందపాటి సాక్సు తొడిగి వేళ్లు కదులుతున్నాయో లేదో చూసుకోండి, బిగుతుగా ఉంటే రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. కొత్త షూస్‌తో నేరుగా మంచులోకి వెళ్లకుండా ముందు కొన్నాళ్లు బరువు వేసుకుని మెట్లెక్కి దిగండి, పాడయ్యేదైతే అప్పుడే ఊడుతుంది. ఏడాదికోసారి వెళ్లేవాళ్లకైతే సొంతది అక్కర్లేదు, ట్రెక్ వాళ్ల బ్యాగ్‌లోకి మెత్తటి లైనర్ (లోపల వేసుకుని పడుకునే పల్చటి గుడ్డ సంచి) ఒకటి కొనుక్కుపోతే చాలు, ఆ శుభ్రత బాధ కూడా ఉండదు.