సౌతీ జా బుసారా: జాంజిబార్ కోటలో పాట వినాలంటే

టాంజానియాకు చెందిన జాంజిబార్ దీవిలోని పాత పట్నం స్టోన్ టౌన్‌లో ఏటా ఫిబ్రవరిలో జరిగే సౌతీ జా బుసారా సంగీతోత్సవానికి వెళ్లొచ్చా అంటే, నిస్సందేహంగా వెళ్లొచ్చు. కాకపోతే సరిగ్గా పండుగ రోజులకే టికెట్లు తీసుకోకండి, ముందో వెనకో మరో రెండు రోజులు కలుపుకోండి. ఆఫ్రికా నలుమూలల బృందాలను ఒక పాత కోటలో, ఆరుబయట, రాత్రి పొద్దుపోయేదాకా వినిపించడంలో ఈ పండుగకు సాటి వచ్చేవి తక్కువ. జాంజిబార్ సొంత సంగీతమైన తారబ్ మాత్రం ఆ పెద్ద వేదిక మీద సగమే చెవికి చేరుతుంది. మిగతా సగం కోసం ఊళ్లోని చిన్న గదులకు వెళ్లాలి.

2004లో మొదలైన ఈ పండుగను బుసారా ప్రమోషన్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది. దీని ప్రధాన నియమం ఒకటే: వేదిక మీద వినిపించేదంతా అప్పటికప్పుడు వాయించి, పాడాలి. రికార్డు చేసిన ట్రాక్ వేసి దాని మీద గొంతు కలపడం తూర్పు ఆఫ్రికా పాప్ కచేరీల్లో మామూలే. ఇక్కడ అది కుదరదు. అందుకే పెద్ద పేరున్న గాయకుడి కోసం కాకుండా మంచి బృందం కోసం వచ్చేవాళ్లకే ఈ పండుగ. పోస్టర్ మీద ఒక్క పేరూ తెలియకపోయినా నష్టం లేదు. డ్రమ్స్, బేస్ మనుషులు వాయిస్తుంటే పాట వేగం శ్రోతల ఊపును బట్టి మారుతుంది, నాలుగు నిమిషాల పాట పది నిమిషాలకు సాగుతుంది. ఆ తేడా వినే చెవి ఉంటే చాలు.

కోట పేరు ఎన్‌గోమె కోంగ్వే. పోర్చుగీసులను 1698లో వెళ్లగొట్టాక ఒమన్ అరబ్బులు పగడపు రాయితో కట్టినది. పక్కనే ఉన్న బైత్ అల్ అజాయిబ్ భవనం 2020 డిసెంబరు 25న మరమ్మతులు జరుగుతుండగానే కొంతభాగం కూలింది. కోట ఎదుట ఫొరోధాని తోట, దాని అవతల సముద్రం. కోట లోపల పచ్చిక పరిచిన పెద్ద ప్రాంగణంలో ప్రధాన వేదిక, ఆనుకొని ఉన్న రెండో ప్రాంగణంలో మెట్లమెట్లుగా రాతి కుర్చీలున్న ఆంఫీథియేటర్. ఒకచోట బృందం మారుతుండగా రెండోచోటికి నడిచి వెళ్లిపోవచ్చు.

ఎక్కడ నిలబడాలన్నది ఇక్కడ చాలా ముఖ్యం. జనం ఎగబడేది వేదిక ముందుకు, కానీ అక్కడ వినపడేది బేస్ పెట్టెల దరువు, డ్రమ్ము దెబ్బ. గొంతు వచ్చే స్పీకర్లు రెండు పక్కలా ఎత్తున ఉంటాయి కాబట్టి మాట మీ తల మీదుగా వెనక్కి పోతుంది. గోడను ఆనుకుని నిలబడితే ఇంకా కష్టం. మందపాటి రాతిగోడకు తగిలిన శబ్దం తిరిగి వచ్చి అసలు శబ్దంతో కలుస్తుంది, బేస్ బూమ్‌బూమ్‌మని ముద్దయిపోతుంది. మిక్సింగ్ బల్ల ఎక్కడుందో ముందు చూసుకోండి. దానికి కొంచెం ముందో పక్కనో, ప్రాంగణం నడిమధ్యకు దగ్గరగా నిలబడితే సౌండ్ ఇంజనీరు విని సరిచేస్తున్న శబ్దమే మీకూ వినిపిస్తుంది. నృత్యం కోసమే వచ్చినవాళ్లు ముందుకే పోవచ్చు, కాకపోతే చెవుల్లో పెట్టుకునే నురుగు ప్లగ్గులు మరచిపోవద్దు.

ఆంఫీథియేటర్ రాతిమెట్ల మీద గంట కూర్చుంటే నడుం పట్టేస్తుంది. దరజాని బజారులో కాంగా గుడ్డలు జతగా అమ్ముతారు. ఒక్కోటి సుమారు ఒకటిన్నర మీటరు పొడవు, మీటరుకు పైన వెడల్పు ఉండే పలచని నూలు గుడ్డ, అంచు దగ్గర స్వాహిలి సామెత అచ్చేసి ఉంటుంది. జతను మధ్యకు కత్తిరించి ఒకటి మడిచి కూర్చోవడానికి, రెండోది భుజాల మీదకు వాడుకోవచ్చు. ఊళ్లో ఎక్కువమంది ముస్లింలు, కోట చుట్టుపక్కల మసీదులున్నాయి. భుజాలు, మోకాళ్లు కప్పుకుని తిరగడం అక్కడి పద్ధతి, ఆడా మగా అందరికీ.

కాలపట్టిక ప్రకారం ఏదీ జరగదని ముందే మనసుకు చెప్పుకోవాలి. కారణం నిర్లక్ష్యం కాదు. పన్నెండు మంది బృందంలో ఊద్, కోరా, బాలఫోన్ లాంటి వాద్యాలుంటే ఒక్కోదానికీ వేరే మైకు, ఒక్కో వాయిద్యకారుడికీ తన వాద్యం తనకు వినిపించే మానిటరు కావాలి. డ్రమ్ము సెట్టు, యాంప్లిఫయర్లు బృందాలన్నీ పంచుకుంటాయి కాబట్టి ప్రతిసారీ అన్నీ మళ్లీ సరిచూడాలి. ఒక్కో మార్పులో పది నిమిషాలు జారినా ఆరేడు బృందాలు గడిచేసరికి గంట అవుతుంది. మీరు ప్రత్యేకంగా వినాలనుకున్న బృందం రాత్రి చివరిదైతే సాయంత్రం ఐదింటికే వెళ్లి అలసిపోవద్దు. చేతికి కట్టిన పట్టీ చూపి బయటికెళ్లి రావడం కుదురుతుందో లేదో ద్వారం దగ్గరే అడిగి, మధ్యలో భోంచేసి రండి.

స్వాహిలి గడియారం గురించి తెలియకపోతే అసలు కార్యక్రమమే తప్పిపోతుంది. అక్కడ గంటల లెక్క సూర్యోదయంతో ఒకసారి, సూర్యాస్తమయంతో మళ్లీ మొదలవుతుంది. మన ఉదయం 7 వాళ్లకు ఒంటిగంట, మన రాత్రి 8 వాళ్లకు రెండు. అచ్చు వేసిన కార్యక్రమ పత్రంలో మామూలు అంకెలే ఉంటాయి. కానీ టాక్సీవాలా, క్లబ్బు కాపలాదారు, వాద్యకారుడు నోటిమాటగా చెప్పే వేళకు ఆరు గంటలు కలపాలో తీయాలో చూసుకోవాలి. అనుమానం వస్తే మగ్రిబ్ (సూర్యాస్తమయపు) నమాజుకు ముందా, తర్వాతా అని అడగండి, గందరగోళం పోతుంది.

టికెట్ ధరలు మనిషిని బట్టి మారతాయి. టాంజానియా వాళ్లకు బాగా చవక, విదేశీయులకు ఎక్కువ. ఇది న్యాయమే. లేకపోతే స్టోన్ టౌన్ పిల్లలు తమ ఊరి పండుగను గోడ బయటి నుంచి వినాల్సి వచ్చేది. ప్రధాన భూభాగంలోని దార్ ఎస్ సలామ్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్లు, జాంజిబార్‌లో 2023లో తెరిచిన ఐఐటీ మద్రాస్ ప్రాంగణంలో చదువుకునేవాళ్లు తాము ఏ వరసలోకి వస్తామో కొనే ముందే చూసుకుని, నివాస అనుమతి పత్రం చేత పట్టుకుని వెళ్లాలి. మొదటిరోజు వీధుల్లో సాగే ఊరేగింపుకు టికెట్ అక్కర్లేదు. బ్యాండు, డప్పులు, ముసుగు వేషాలు, పొడుగు కర్రల మీద నడిచేవాళ్లు అంతా కోట వైపు వస్తారు. ఇరుకు సందులో కాకుండా సముద్రపు ఒడ్డున మిజింగాని రోడ్డు మీద నిలబడితే తొక్కిసలాట లేకుండా చూడొచ్చు.

ఈ ఉత్సవానికి పెద్ద బలహీనత డబ్బే. టికెట్ల ఆదాయం ఖర్చులో కొంతకే సరిపోతుంది, మిగతాది దాతల నుంచి రావాలి. నిధులు కుదరక 2016లో పండుగే జరగలేదు. కాబట్టి తేదీలు, బృందాల పేర్లు అధికారికంగా వచ్చాకే విమానం టికెట్ కొనండి. ఇంకో చిక్కు రంజాన్. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఇప్పుడది ఫిబ్రవరిలోకి వచ్చింది. ఆ నెలలో దీవిలో కచేరీలు ఉండవు, పగలు హోటళ్లు కూడా చాలావరకు మూసే ఉంటాయి. కాబట్టి పాత ఏడాది తేదీలు చూసి సెలవు పెట్టకూడదు. నిర్వాహకుల పట్టుదలకు మాత్రం ఒక సంగతి చెప్పుకోవాలి. ప్రధాన భూభాగం నుంచి సముద్రం అడుగున కరెంటు తెచ్చే వ్యవస్థ చెడిపోయి 2009 డిసెంబరు నుంచి దాదాపు మూడు నెలలు దీవి అంతా చీకట్లో ఉంది. ఆ మధ్యలో వచ్చిన 2010 ఫిబ్రవరి పండుగను వాళ్లు ఆపలేదు, జనరేటర్ల మీద నడిపించారు.

ఇక తారబ్. జాంజిబార్ పాలకుడు సుల్తాన్ బర్ఘాష్ తన ఆస్థానం నుంచి ఒకరిని కైరో పంపి ఖానూన్ నేర్పించాడని, అక్కడి నుంచే ఈ సంగీతం మొదలైందని చెబుతారు. ఖానూన్ అంటే ఒళ్లో పెట్టుకుని వేళ్లకు తొడిగిన నఖీలతో మీటే పలక వాద్యం, డెబ్బై దాటి తీగలుంటాయి, ఒక్కో స్వరానికీ మూడేసి. దానితో ఊద్, నాలుగైదు వయొలిన్లు, అకార్డియన్, డబుల్ బేస్, దర్బుకా డప్పు. పాట స్వాహిలిలో, మీటుడు అరబ్బు రాగపద్ధతి అయిన మఖామ్‌లో, మధ్యలో ఎక్కడో పాత హిందీ సినిమా బాణీ తొంగిచూస్తుంది. పల్లవి ముందు వచ్చే ఖానూన్ ఏకవాద్య భాగాన్ని మన ఆలాపన వినే ఓపికతో వినండి, ఆ తర్వాత వచ్చే గొంతు ఎందుకంత నిదానంగా అడుగు పెడుతుందో అర్థమవుతుంది.

ఈ నాజూకు పనితనమే పండుగ వేదిక మీద పోతుంది. ముందు వాయించిన బృందం కోసం పెంచిన శబ్దం, చుట్టూ మాటలు, తోటలోంచి వచ్చే కేకలు, వీటన్నిటి మధ్య ఖానూన్ మీటులు గిలకల చప్పుడులా మాత్రమే వినిపిస్తాయి. అందుకే ఆ రెండు అదనపు రోజులు. 1905లో పుట్టిన ఇఖ్వానీ సఫా, 1958లో మొదలైన కల్చర్ మ్యూజికల్ క్లబ్ అనే తారబ్ బృందాలు ఇప్పటికీ ఉన్నాయి. కల్చర్ క్లబ్ వాళ్లు వూగా రోడ్డులోని తమ గదిలో సాయంత్రాలు సాధన చేస్తుంటారు. ముందుగా అడిగి, చెప్పులు విడిచి, ఫోను జేబులో పెట్టుకుని ఒక మూల కూర్చునే అతిథిని ఎవరూ కాదనరు. వెళ్లేముందు క్లబ్బుకు కొంత డబ్బు ఇవ్వడం మర్యాద. 2002లో స్థాపించిన ధౌ కంట్రీస్ మ్యూజిక్ అకాడమీ కుర్రాళ్ల కచేరీలు కూడా ఉంటాయి, ఊద్, ఖానూన్ కొన్ని పాఠాలుగా నేర్పే ఏర్పాటు కూడా చేస్తారు. పెళ్లి తారబ్‌కు ఎవరైనా పిలిస్తే వదులుకోకండి. నచ్చిన చరణం రాగానే ఆడవాళ్లు నోటు చేతిలో ఊపుకుంటూ నాట్యం చేస్తూ గాయని దగ్గరికి వెళ్లి ఇచ్చి వస్తారు. చిల్లర నోట్లు ముందే మార్చి పెట్టుకోండి.

తారబ్‌కు పేదింటి చెల్లెలు కిడుంబాకి. రెండు చిన్న మట్టి డప్పులు, ఒక వయొలిన్, గిలకలు, సందుకు. సందుకు అంటే బోర్లించిన చెక్కపెట్టె, దానికో కర్ర, కర్ర కొస నుంచి పెట్టెకు ఒకటే తీగ. కర్రను వెనక్కి లాగితే తీగ బిగిసి స్వరం పైకి పోతుంది, వదిలితే కిందికి దిగుతుంది. మెట్లూ గుర్తులూ ఏమీ లేని ఆ ఒక్క తీగ మీద గంటల తరబడి శ్రుతి తప్పకుండా బేస్ నడిపేవాణ్ని పక్కన నిలబడి చూడాలి. ఎడమ భుజం కదలికలోనే స్వరమంతా ఉంటుంది.

తారబ్ గాయని సితీ బింతి సాద్ పేరు తెలుసుకుని వెళ్లండి. గ్రామీణ పేద కుటుంబంలో పుట్టి, ఆస్థానాల అరబ్బు పాటను స్వాహిలిలోకి తెచ్చిన ఆమె 1928లో బొంబాయి వచ్చి పాటలు రికార్డు చేసింది. ఆ రికార్డులే తూర్పు ఆఫ్రికా తీరమంతా మోగాయి. ఆమె పాటలు పాడుతూ పెరిగిన గాయని బీ కిడుడే ఈ కోట వేదికకు ఏళ్ల తరబడి ముద్దుబిడ్డ, 2005లో ప్రపంచ సంగీత మేళా వోమెక్స్ ఇచ్చే పురస్కారం అందుకుంది, 2013లో కన్నుమూసింది.

ప్రయాణం లెక్కలు. భారత పాస్‌పోర్టుకు టాంజానియా ఈ-వీసా 50 డాలర్లు. 2024 అక్టోబరు 1 నుంచి జాంజిబార్‌కు వచ్చే విదేశీ సందర్శకులంతా జాంజిబార్ ఇన్సూరెన్స్ కార్పొరేషన్ బీమా కొనాలి, 44 డాలర్లు. ఇండియాలో కొన్న ప్రయాణ బీమా దీనికి బదులు పనికిరాదు. దార్ నుంచి ఫెర్రీలో సుమారు రెండు గంటలు. ఒకే దేశమైనా అవతల పాస్‌పోర్టు చూస్తారు, పెట్టెలో అడుగున పెట్టొద్దు. ఫిబ్రవరిలో ఈశాన్యం నుంచి కస్కాజి గాలి వీస్తుంది, ఒకప్పుడు గుజరాత్ ఓడలను జాంజిబార్ చేర్చింది ఈ గాలే. కడుపులో తిప్పే అలవాటుంటే కింది అంతస్తులో మధ్య సీట్లలో కూర్చోండి. రేవులో సంచి లాక్కుని నడిచే దళారులను పపాసి అంటారు. హోటలు పేరు చెప్పకుండా నడిచిపోవడమే మేలు. ప్లగ్గులు ఎక్కువగా మూడు చదరపు పిన్నులవి, అడాప్టరు కావాలి. చిరిగిన, పాత డాలర్ నోట్లు తీసుకోరు. వారాంతంలో ఏటీఎంల దగ్గర బారులు తీరతారు, షిల్లింగులు శుక్రవారమే తీసి ఉంచుకోండి.

తిండికి ఫొరోధాని రాత్రి బజారు కోట ఎదుటే. సముద్రపు చేపలు, ఆక్టోపస్ పుల్లలు బల్లల మీద గంటలకొద్దీ ఉంటాయి, ఇప్పుడే కాలుస్తున్నవి తప్ప ముట్టొద్దు, ధర ముందే తేల్చుకోండి. అంతకంటే ఉరోజో మంచిది. పిండి, మామిడికాయ, పసుపుతో కాచిన పుల్లటి పులుసులో బజ్జీలు, బంగాళదుంప, కర్రపెండలం చిప్స్, పైన కొబ్బరి చట్నీ. మాంసం పుల్ల, గుడ్డు వద్దని ముందే చెబితే శాకాహారులకూ సరిపోతుంది.

గది కోట దగ్గరి షంగాని పేటలో తీసుకుంటే నడక రెండు నిమిషాలే, కానీ చివరి బృందం ఆగేదాకా నిద్ర పట్టదు. ముకునాజిని వైపు పది నిమిషాల దూరంలో తీసుకోవడం నయం. చివరి రాత్రి కచేరీ అర్ధరాత్రి దాటుతుంది. మర్నాడు ఉదయం 7 గంటల ఫెర్రీ చవక కాదు, సుఖమూ కాదు. మధ్యాహ్నం ఫెర్రీకి టికెట్ తీసుకోండి, దార్ నుంచి విమానం రాత్రికి పెట్టుకోండి.