కష్టకాలంలో జపమాలా, కీర్తనలా, నొవేనానా: ఏది మేలు?

ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బు చేసినా, ఉద్యోగం పోయి ఈఎంఐలు మీద పడ్డా ముందు దెబ్బ తినేది ప్రార్థనే. రోజూ రాత్రి భోజనాలకి ముందు అందరూ కూర్చుని జపం చెప్పుకునే ఇల్లు కూడా ఉన్నట్టుండి మూగబోతుంది. విచారణలో, అంటే మన గుడి సంఘంలో, ఎవరినడిగినా తలో మాట చెబుతారు. ఒకరు పూసలు లెక్కపెట్టుకుంటూ మరియమ్మ జపాలు చెప్పే జపమాల వదలొద్దంటారు, ఇంకొకరు తొమ్మిది రోజుల ప్రార్థన నొవేనా మొదలుపెట్టమంటారు, బైబిల్లోని కీర్తనలు చదువుకోమని మరొకరు. మూడూ మంచివే, కాదనను. కానీ నిద్ర లేక బుర్ర పనిచేయని మనిషి ఏది నిజంగా చేయగలడు అని చూస్తే మాత్రం మూడూ ఒకటి కావు.

నా ఓటు ముందు జపమాలకే. కారణం భక్తి కన్నా సౌకర్యం. పుస్తకం అక్కర్లేదు, లైటు అక్కర్లేదు, మాటలు వెతుక్కునే పని లేదు. ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళని చూడండి, చేతిలో రిపోర్టుల కవరు, జేబులో పూసలు, పెదాలు మాత్రం కదులుతుంటాయి. మరియమ్మకి చెప్పే మంగళవార్త జపం సగంలో ఉండగా సిస్టర్ తలుపు తీసి "పేషెంట్ తాలూకు ఎవరండీ?" అని పిలుస్తుంది, లేచి వెళ్ళి మందుల చీటీ తీసుకుని, ఫార్మసీ లైన్లో నిలబడి, ఆగిన పూస దగ్గరే మళ్ళీ అందుకుంటారు. ఇంత తెగినా తట్టుకునే ప్రార్థన నాకు తెలిసి ఇంకోటి లేదు. పూసలు లేకపోయినా పది వేళ్ళున్నాయి, అయిదు రహస్యాలూ (ప్రభువు, మరియమ్మల జీవిత ఘట్టాలు ఒక్కోటి తలుచుకుంటూ చెప్పే పదేసి మంగళవార్తలు) పూర్తి కాకపోతే ఒక్క రహస్యమే చెప్పండి, నాలుగు నిమిషాల్లో అయిపోతుంది.

"మనసు పెట్టకుండా యాంత్రికంగా చెబితే లాభమేంటి?" అంటారు కొందరు. దుఃఖ రహస్యాల్లో మొదటిదే గెత్సేమని తోట కదా, అక్కడ ప్రభువు మూడోసారి కూడా అవే మాటలతో ప్రార్థించాడని మత్తయి సువార్త 26వ అధ్యాయం చెబుతుంది. నలిగిపోయినవాడికి కొత్త మాటలు రావు. ఇంకో సంగతి, 1897లో 24 ఏళ్ళకే క్షయతో చనిపోయిన ఫ్రాన్సులోని లిసియు మఠం కన్యస్త్రీ చిన్న తెరేజమ్మ, తర్వాత తిరుసభ (కతోలిక సంఘం) పండితురాలిగా ప్రకటించిన ఆమె, ఒంటరిగా జపమాల చెప్పడం తనకి ఒళ్ళు గుచ్చుకునే తపస్సు సాధనం కన్నా కష్టమని ఒప్పుకుంది. మనసు బొత్తిగా ఎండిపోయినప్పుడు ఒక్క పరలోక జపం, ఒక్క మంగళవార్త జపం మెల్లగా చెప్పుకునేదట. ఆమెకే అలా ఉంటే మనం ఎందుకు సిగ్గుపడాలి?

అయితే జపమాలకి చేతకానిది ఒకటుంది, కోపం. దేవుడి మీదే కోపం వచ్చినప్పుడు మంగళవార్త జపంలోని "వందనము" అనడానికి నోరు రాదు. అక్కడ కీర్తనలే మేలు, ఇందులో నాకు అనుమానం లేదు. 13వ కీర్తన తీయండి, ఆరు వచనాలే, మొదటి రెండింటిలోనే "ఎంతకాలం?" అని నాలుగుసార్లు నిలదీస్తుంది. 22వ కీర్తన మొదటి మాట సిలువ మీద ప్రభువు నోటి నుంచే వచ్చింది. చాలా విలాప కీర్తనలు చివరికొచ్చేసరికి నమ్మకం వైపు తిరుగుతాయి, 88వ కీర్తన మాత్రం తిరగదు, చీకటిలో మొదలై చీకటిలోనే ఆగిపోతుంది. గురువులు, కన్యస్త్రీలు రోజూ వేళల ప్రకారం చెప్పే గంటల ప్రార్థనలో తిరుసభ దాన్ని ప్రతి శుక్రవారం రాత్రి పడుకునే ముందు పెట్టింది. అంటే ఆ రోజు ఏ బాధా లేనివాడు కూడా బాధలో ఉన్నవాడి తరఫున ఆ మాటలు అనాల్సిందే. మన ఇళ్ళలో మాత్రం "దేవుణ్ణి అలా అనకూడదు" అని పిల్లల్నీ పెద్దల్నీ నోరు మూయిస్తాం. కీర్తనల చిక్కల్లా చదవాలి, కళ్ళు తెరిచి పేజీ మీద నిలవాలి. బాగా అలిసిన రాత్రి అది జరగదు.

ఇక నొవేనా. తొమ్మిది రోజుల లెక్క ఊరికే రాలేదు, ప్రభువు మోక్షారోహణం నుంచి పవిత్రాత్మ దిగివచ్చిన పెంతెకోస్తు దాకా అపొస్తలులు మరియమ్మతో కలిసి ప్రార్థనలో గడిపిన రోజులవి. గుడిలో నలుగురితో కలిసి నిత్యసహాయ మాత నొవేనా చెప్పుకుంటే వచ్చే ధైర్యం వేరు. కానీ ఒంటరిగా, టెన్షన్‌లో, "తొమ్మిదో రోజుకి స్కాన్ రిపోర్టు మారాలి" అని మొదలుపెట్టేది నాకు నచ్చదు. అయిదో రోజు తప్పిపోతే ఆ అపరాధ భావం ఒకటి అదనం. బయటి తంతుకే శక్తి ఉందనుకోవడం మూఢనమ్మకమని తిరుసభ బోధనల గ్రంథం సత్యోపదేశమే చెబుతోంది. "ఈ ప్రార్థన తొమ్మిదిమందికి పంపండి, లేకపోతే..." అనే వాట్సాప్ మెసేజ్‌లైతే చూడగానే డిలీట్ చేయండి.

కష్టంలో ఉండగా కొత్త మొక్కులు, కొత్త నియమాలు వద్దనడానికి నాకు జెస్యూట్ సభ స్థాపకుడు పునీత ఇగ్నేషియస్ లొయోలా మాటే ఆధారం. మనసు చీకట్లో ఉన్నప్పుడు అంతకుముందు చేసుకున్న నిర్ణయాలు మార్చొద్దంటాడు ఆయన. అదే చోట ప్రార్థన ఇంకాస్త ఎక్కువ చేయమనీ అంటాడు, కానీ మూడు రాత్రులు నిద్ర లేనివాళ్ళకి ఆ రెండో మాట నేను చెప్పలేను.

యూట్యూబ్‌లో పూజ (మాస్) చూడటం ఈ పోటీలో లేదు, గుడికి వెళ్ళలేని రోజుకి అది పనికొస్తుంది, అంతే. ఆస్పత్రిలో పేషెంట్ ఉంటే దానికన్నా ఫాదర్ గారికి ఒక ఫోన్ చేయడం ఎంతో మేలు. దివ్యసత్ప్రసాదం (పూజలో పవిత్రం చేసిన అప్పం) తెచ్చిస్తారు, వ్యాధిగ్రస్తుల అభ్యంగనం (రోగికి పవిత్ర తైలం పూసి ప్రార్థించే సంస్కారం) ఇస్తారు. "అప్పుడే ఫాదర్‌ని పిలిస్తే నాన్న భయపడతారు" అని చివరి గడియ దాకా ఆపేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ సంస్కారం చావు అంచున ఉన్నవాళ్ళకి మాత్రమే కాదని బిషప్పుల రెండో వాటికన్ మహాసభ 1963లోనే తేల్చింది. పెద్ద ఆపరేషన్ ఉంటే ముందు రోజే పిలవొచ్చు, ఆ పూట పక్కన కూర్చున్నవాళ్ళు కూడా పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసుకోవచ్చు.