సెన్సర్‌కి చలి పడదన్నారు

డీఎస్18బీ20 అనే, ఉష్ణోగ్రత కొలిచే వాటర్‌ప్రూఫ్ సెన్సర్ ప్రోబు గురించి తెలియనివాళ్లు తక్కువ కాబట్టి స్పెసిఫికేషన్ల జోలికి పోను. గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో కొన్ని సీజన్లుగా వాడుతున్నాం. నా బాధంతా దాని మీద పడ్డ నింద గురించే.

టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతున్నన్నాళ్లూ తలుపులు తెరిచే ఉంటాయి, గదిలో 14, 15 డిగ్రీలు. అప్పుడు రీడింగులు బుద్ధిగా వచ్చేవి. లోడింగ్ అయిపోయి, తలుపులు మూసి, గది చల్లబడగానే తెర మీద 'సెన్సర్ ఫెయిల్'. విప్పి తెచ్చి ఆఫీసు బల్ల మీద అదే స్క్రిప్టు (రీడింగు తీసే చిన్న ప్రోగ్రాము) నడిపితే 31 డిగ్రీలు, భేషుగ్గా. లోపల పెడితే మళ్లీ ఫెయిల్. "చెమ్మ తాగిందండీ" అని ఎలక్ట్రీషియన్ తేల్చేశాడు. సిస్టమ్ బిగించిన ఆయనైతే "ఇవి చలికి ఆగవు సార్" అంటూ ఖరీదైన రకానికి కొటేషన్ పంపాడు. ప్రోబు మార్చాం, కేబుల్ మార్చాం, 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ కూడా మార్చాం. డబ్బులు దండగ. మైనస్ 55 దాకా పనిచేస్తుందని డేటాషీటులో ఉన్న చిప్పుకి 8 డిగ్రీలు పడకపోవడమేమిటి?

చివరికి పాత ప్రోబు, కొత్త ప్రోబు కలిపి ఒకే గ్లాసు ఐసు నీళ్లలో ముంచాను. 12, 11, 10.5... ఒకటి ముందు, ఒకటి కాస్త వెనక, రెండూ ఫెయిలయ్యాయి. కానీ రెండూ ఆఖరున చూపింది సరిగ్గా 10. చెమ్మ తాగిన వైరుకి అంకెలెలా తెలుస్తాయి?

స్క్రిప్టు పక్కన పెట్టి, సెన్సర్లు తగిలించిన చిన్న కంప్యూటరు రాస్ప్‌బెర్రీ పైలో సెన్సర్ ఫైలు నేరుగా తెరిచాను. సీఆర్‌సీ (రీడింగు చెడిపోకుండా వచ్చిందా అని చూసే పరీక్ష) పక్కన 'యెస్' నిక్షేపంగా ఉంది. కింది వరుస చివర 'టీ=9937', అంటే 9.937 డిగ్రీలు. స్క్రిప్టేమో ఆ వరుసలో చివరి ఐదు అక్షరాలు కత్తిరించుకుంటోంది. 10 పైన ఐదంకెలు కాబట్టి సరిపోయింది. 10 దిగగానే నాలుగంకెలై, వాటితో పాటు '=' గుర్తు కూడా వచ్చేది. దాన్ని సంఖ్యగా మార్చలేక పైథాన్ (స్క్రిప్టు రాసిన భాష) ఎర్రర్ ఇస్తే, ఏ ఎర్రర్ వచ్చినా 'సెన్సర్ ఫెయిల్' అని రాసేయమని కింద ఇంకో లైను! ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఇదే స్క్రిప్టు ఏ ఐస్‌క్రీమ్ ఫ్రీజర్‌కో పెట్టి ఉంటే ఫెయిల్ కూడా అనదు. 'మైనస్ 18000'లో మైనస్ తెగిపోయి 18 డిగ్రీల వేడి చూపిస్తుంది. 'టీ=' తర్వాత ఉన్నదంతా తీసుకునేలా ఒక్క లైను మార్చాం, అంతే.

అలాగని సెన్సర్‌ని నెత్తిన పెట్టుకోను. ఒకే వైరు మీద ఎన్ని ప్రోబులైనా తగిలించొచ్చని మొదట్లో మురిసిపోయాం. పొడుగు కేబుల్ నుంచి గదికో కొమ్మ చీల్చేసరికి సీఆర్‌సీ దగ్గర 'నో'లు మొదలయ్యాయి. ఇప్పుడు గదికో లైను వేసుకున్నాం. కరెంటు తడబడితే ఒక్కోసారి 85 చూపిస్తుంది. పవర్ రాగానే చిప్పులో ఉండే అంకె అది, దాన్ని వడకట్టుకోవాలి. బజారులో నకిలీలూ ఎక్కువే.

అర డిగ్రీ అటూ ఇటూ అయితే మా మిర్చికి వచ్చిన నష్టమేమీ లేదు కాబట్టి మాకు ఇదే చాలు. వ్యాక్సిన్లు దాచేవాళ్లయితే నా మాట వినకుండా కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉన్నదే కొనండి.