జోనంగి జాగిలం: ఏళ్ల తరబడి పెంచి, పిల్లలు పెట్టించాక నా మాట

మొదటే చెప్పేస్తాను. బాతుల మందో, గొర్రెల మందో, కనీసం రోజూ నాలుగు మళ్లు తిరిగే పనో లేనివాళ్లు జోనంగిని తెచ్చుకోవద్దు. పని ఉన్నవాళ్లకి మాత్రం, మన కోస్తా ఎండకీ ఉక్కకీ తట్టుకుని మందని కాసే కుక్కల్లో దీన్ని మించింది నేను చూడలేదు. రాజాం, చీపురుపల్లి మధ్య ఒక పల్లె మాది. వరి, చిన్న చెరువు, బాతులు. ఆ బాతుల కోసమే తెచ్చుకున్నాం, ఇన్నేళ్లూ వాటితోనే తిరిగింది, ఒక కాన్పు కూడా అయ్యింది.

జోనంగి మా ఉత్తరాంధ్ర కుక్క కాదు. దీని సొంత చోటు కొల్లేరు చుట్టుపక్కల, కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లెలు. అక్కడ బాతులు మేపేవాళ్లు మందల్ని తోలడానికి దీన్ని వాడుకున్నారు, చిన్న వేటకీ తీసుకెళ్లేవారు. వరి మళ్లు చేపల చెరువులయ్యాక బాతుల మందలు తగ్గాయి, దాంతో కుక్కకి పని పోయింది. పని పోయిన కుక్కని ఎవరూ కనిపెట్టుకుని ఉండరు. రెండు మూడు తరాల్లో ఊరకుక్కల్లో కలిసిపోతుంది. ఇవాళ జోనంగి అరుదైపోయిందంటే అసలు కారణం ఇదే. కాబట్టి దాన్ని నిలబెట్టాలంటే ముందు దానికి పని చూపించాలని నా నమ్మకం. పిల్లలు పెట్టించడం ఆ తర్వాతి సంగతి.

ఒంటికి అంటుకున్నట్టుండే పొట్టి నున్నని వెంట్రుకలు, నుదుటి మీద ముడతలు, సన్నని గట్టి కాళ్లు, కొసలు వాలిన చెవులు. లేత గోధుమ రంగు, నలుపు, తెలుపు, మచ్చలు, అన్ని రంగుల్లోనూ ఉంటుంది. మొరగడం బాగా తక్కువ. కొత్త మనిషి వస్తే గుమ్మం దగ్గర నిలబడి, ఊళకీ కూతకీ మధ్య ఒక సాగదీసిన గొంతు చేస్తుంది. మా పక్కింటి పెద్దాయన మొదట్లో "ఏటి బావూ, ఇది మొరగదేటి, కాపలాకి పనికొస్తాదా?" అని అడిగేవాడు. ఇప్పుడు ఆ గొంతు వినపడితే ఆయనే లైటు పట్టుకుని బయటికొస్తాడు.

ఎలా పని చేస్తుందో చెప్పాలి, ఎందుకంటే ఎంపిక అంతా అక్కడే ఉంది. కోతలయ్యాక రాలిన గింజల కోసం, నత్తల కోసం బాతుల్ని మళ్లల్లోకి వదులుతాం. సాయంత్రం తిరిగి తోలేటప్పుడు ఏదో ఒక బాతు గట్టు దాటి పక్క కాలవలోకి దిగుతుంది. మా కుక్క దాని వెంట పడదు. తల భుజాల కిందికి దించి, కాలవకి అవతలి వైపుగా వెడల్పుగా చుట్టి వచ్చి, నీళ్లంచున ఆగుతుంది. బాతు దాన్ని చూసి వెనక్కి మళ్లుతుంది. కుక్క రెండడుగులు వేసి మళ్లీ ఆగుతుంది. అరుపు లేదు, కరవడం లేదు. మంద బెదిరి చెదిరిపోతే మర్నాడు గుడ్లు తగ్గుతాయి కాబట్టి ఈ నిమ్మళమే మాకు డబ్బు. మొరిగి పరిగెత్తించే కుక్క గొర్రెలకి సరిపోతుందేమో, బాతులకి పనికిరాదు.

అందుకే కూనని ఎంచేటప్పుడు ముడతలు లెక్కపెట్టకండి. ఈమధ్య నుదుటి ముడతలు చూసి ధర చెప్పడం మొదలైంది, నాకది బొత్తిగా నచ్చదు. ముందు తల్లిని మంద దగ్గర చూడండి, వీలైతే తండ్రిని కూడా. తల్లిని చూపించకుండా సంచిలో కూనని తెచ్చి ఇచ్చేవాళ్ల దగ్గర కొనకండి. మేం అలా అడుగుతూ పోతే, జోనంగి అని చూపించిన పిల్లల్లో చాలావాటికి తండ్రి ఏదో అమ్మేవాళ్లకే తెలీదు. కొత్తవాళ్లని చూసి తల్లి మూలకి నక్కి వణికితే ఆ కాన్పు పిల్లల్ని వదిలెయ్యండి. భయం రక్తంలోనూ వస్తుంది, పెంపకంలోనూ వస్తుంది. ఏడు వారాల కూన దగ్గర స్టీలు పళ్లెం కింద పడెయ్యండి. ఉలిక్కిపడటం తప్పేం కాదు. కాసేపటికి తేరుకుని పళ్లెం వాసన చూడటానికి వచ్చిన కూనని తీసుకోండి. మాది అలా వచ్చిందే.

విదేశీ కాపరి కుక్కల మీద మోజున్నవాళ్లకి ఒక మాట. కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ జాతుల్లో ఎండీఆర్1 అనే జన్యు లోపం మామూలుగా కనిపిస్తుంది. ఆ లోపం ఉన్న కుక్కకి ఐవర్‌మెక్టిన్ ఎక్కువ మోతాదులో పడితే మందు మెదడుకి చేరి ప్రాణం మీదికొస్తుంది. మన పల్లెల్లో గజ్జికీ గోమార్లకీ ముందు గుర్తొచ్చేది ఆ సూదే. అలాగే చలువరాతి మచ్చల్లా ఉండే మెర్ల్ రంగు కుక్కలు రెండింటిని జతకడితే, ప్రతి పిల్లకీ నాలుగింట ఒక వంతు చొప్పున రెండు వైపులా ఆ జన్యువు వచ్చే అవకాశం ఉంటుంది. అలాంటి పిల్లలు చెవుడుతోనో గుడ్డితనంతోనో పుట్టే ప్రమాదం ఎక్కువ. రంగు కోసం ఆ పని చేసేవాళ్లని చూస్తే నాకు కోపం ఆగదు.

జోనంగితో ఇబ్బందులు లేవని కాదు. నేల తవ్వుతుంది. గుంట తీసి అందులో చుట్టుకుని పడుకోవడం దాని స్వభావం. కొబ్బరి మొక్కల మొదళ్లు, పాదులు ఏవీ మిగలవు. చెట్టు నీడలో దానికంటూ ఒక ఇసుక చోటు ఇచ్చాక మా పెరడు కుదుటపడింది. ఒకే మనిషికి అంటుకుపోతుంది, నేను ఊరెళితే చోడి అంబలి గిన్నె ముట్టదు. గొలుసు వేసి కట్టేస్తే చెడిపోతుంది. నగరంలో అపార్ట్‌మెంటులో పెట్టి పెంచుతామని అడిగినవాళ్లందరికీ వద్దనే చెప్పాను.

జబ్బుల్లో మా వైపు ముఖ్యంగా చూసుకోవాల్సింది గోమార్ల జ్వరం. తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, ముక్కులోంచి రక్తం వస్తే మర్నాటిదాకా ఆగకూడదు. నీళ్లల్లో, ఎలుకల బొరియల మధ్య తిరిగే కుక్కకి రేబిస్‌తో పాటు లెప్టో, అంటే ఎలుకల మూత్రంతో అంటే జబ్బుకి టీకా కూడా ఏటా వేయించాలి. ఈ లెప్టో మనిషికీ అంటుతుంది.

ఇక పిల్లలు పెట్టించడం. అరుదైన జాతి కాబట్టి ఎన్ని పిల్లలైతే అంత మంచిదనుకోవడం ఈ జాతికి చెరుపే చేస్తుంది. ఉన్నవే కొన్ని కుక్కలు, అవీ ఒకదానికొకటి చుట్టాలు. మనుషుల్లో మేనరికం గురించి డాక్టర్లు ఏం చెబుతారో ఇక్కడా అదే లెక్క. మేనత్త మేనమామ పిల్లల్ని కలిపితే పుట్టేవాటికి అంతఃప్రజననం (తల్లి వైపునుంచీ తండ్రి వైపునుంచీ ఒకే పూర్వీకుడి జన్యువు వచ్చే అవకాశం) 6.25 శాతం, తోడబుట్టినవాటిని కలిపితే 25 శాతం. దాంతో కాన్పులో పిల్లల సంఖ్య తగ్గుతుంది, రోగనిరోధక శక్తి తగ్గుతుంది, దాగున్న లోపాలు బయటపడతాయి. రాతలో వంశావళి ఉన్న జోనంగి నాకు దొరకలేదు. అందుకే మా కుక్క తల్లిదండ్రులవి, మగకుక్క తల్లిదండ్రులవి ఫొటోలు, ఊళ్లు, ఎవరి దగ్గరనుంచి వచ్చాయో అన్నీ నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. మగకుక్కని కావాలనే దూరపు ఊరినుంచి, వేరే మందనుంచి ఎంచాం.

2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు చాలామందికి తెలీవు. పిల్లల్ని అమ్మే పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవాలి. ఆడకుక్కకి 18 నెలలు నిండాలి, 8 ఏళ్లు దాటకూడదు, జీవితం మొత్తంలో 5 కాన్పులు మించకూడదు. 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. అది చట్టం. నా మటుకు నేను రెండో ఏడు నిండి, ఒక కోతల కాలమంతా మంద దగ్గర నిలిచాకే జతకట్టించాను. పని చూడకుండా కట్టిస్తే ఏ గుణాన్ని నిలబెడుతున్నామో మనకే తెలీదు.

జతకి ముందు రెండు కుక్కలకీ బ్రూసెల్లా రక్తపరీక్ష చేయించాలి. అది గర్భస్రావాలు తెచ్చే జబ్బు, మనిషికీ రావచ్చు. ఊరకుక్కతో కలిస్తే జననాంగాల మీద కణుతులు లేచే జబ్బు అంటుకుంటుంది, కీమో సూదులు వేయించాల్సి వస్తుంది. ఇంకో సంగతి, ఒకే కాన్పులో పిల్లలకి వేర్వేరు తండ్రులు ఉండొచ్చు. కాబట్టి ఎదకి వచ్చిన మూడు వారాలూ ఆడకుక్కని గదిలో ఉంచి, మనమే తాడు పట్టుకుని బయటికి తిప్పాలి. జతకి సరైన రోజు తెలుసుకోవడానికి, ఎద రోజులు వేళ్ల మీద లెక్కపెట్టే కన్నా రక్తంలో ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ చూసే పరీక్ష నమ్మకం. మేం గరివిడి పశువైద్య కళాశాల వైపు వెళ్లి డాక్టరు సలహా మీదే అన్నీ చేయించాం.

చూలు దాదాపు 63 రోజులు. ఆ రోజుల్లో బలానికని కాల్షియం టానిక్ పోయొద్దు. అలా పోస్తే ఒళ్లు సొంతంగా కాల్షియం తీసుకునే పని మందగించి, పాలిచ్చేటప్పుడు ఈడ్పులొచ్చే ముప్పు పెరుగుతుంది. 55వ రోజు దాటాక ఎక్స్‌రే తీస్తే ఎన్ని పిల్లలో తెలుస్తుంది. నొప్పుల ముందు ఒంటి వేడి 99 డిగ్రీల కిందికి దిగుతుంది. పుట్టాక వంటింటి త్రాసు మీద ప్రతి పిల్లనీ రోజూ తూచాను. ఒక సన్నపిల్ల బరువు పెరగడం ఆగితే దాన్ని తల్లి వెనక రొమ్ము దగ్గర, పాలు ఎక్కువుండే చోట, రోజులో పలుమార్లు పట్టుకుని కూర్చునేవాళ్లం. అది బతికింది. మూడో వారంనుంచి వాటిని బాతుల దొడ్డి తడిక పక్కన, పిల్లల అల్లరి మధ్య, మోటారు చప్పుడు మధ్య పెంచాం. మూడో వారంనుంచి పన్నెండో వారందాకా చూసినవి, విన్నవి కుక్కకి జీవితమంతా గుర్తుంటాయి.

పిల్లల్ని ఇచ్చేముందు ఇళ్లు చూసి వచ్చాం. మంద ఉన్నవాళ్లకే ఇచ్చాం. ఒక్కటి మాత్రం చెరువు గట్టు మీద ఇల్లున్న మాస్టారికి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయిస్తానని మాటిచ్చాకే ఇచ్చాం. ఏ కారణంగా ఉంచుకోలేకపోయినా రోడ్డు మీద వదలకుండా మాకే తిరిగి ఇవ్వాలని కాగితం మీద రాయించుకున్నాను. ఒకటి తిరిగొచ్చింది కూడా, దాన్ని బొబ్బిలి వైపు ఒక గొర్రెల కాపరికి ఇచ్చాం. ఈ ఏడు మా కుక్కకి జత లేదు. చుట్టరికం లేని మగకుక్క దొరికి, పిల్లల్ని తీసుకునే ఇళ్లు ముందే ఖాయమైతే అప్పుడు ఆలోచిస్తాం. అడిగేవాళ్లు ఈలోగా వచ్చి దాని పని చూసుకోవచ్చు, సాయంత్రం బాతులు తిరిగొచ్చే వేళ రండి.