చాక్లెట్ క్లాసులో చేరబోతున్నవారికి హెచ్చరిక: లేబుల్ చూపించనివారికి డబ్బు కట్టకండి

ఇంట్లో కేకులు, చాక్లెట్లు చేసి పార్టీలకు అందించేవారు, ఆ పని ఇంకాస్త బాగా నేర్చుకుందామని క్లాసుల కోసం వెతుకుతున్నవారు దయచేసి ఇది పూర్తిగా చదవండి. నేను ఎవరి క్లాసు గురించి రాస్తున్నానో మీలో చాలామందికి కాసేపట్లోనే అర్థమైపోతుంది కాబట్టి పేరు రాయవలసిన అవసరం లేదు. పేరు రాస్తే చర్చంతా ఆవిడ చుట్టూ తిరుగుతుంది, అసలు సంగతి పక్కకు పోతుంది. ఇప్పటికీ కోపం తగ్గలేదు కనుక ఎక్కడైనా మాట పరుషంగా వస్తే మన్నించండి.

నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. కేకుల్లో నాకు చేయి తిరిగింది గాని చాక్లెట్ దగ్గర మాత్రం ఎప్పుడూ ధైర్యం చాలేది కాదు. టెంపరింగ్ (చాక్లెట్‌ను లెక్క ప్రకారం కరిగించి చల్లార్చే పని) మొదలుకొని నేర్పిస్తామని, బాన్‌బాన్లు (లోపల తీపి నింపిన చిన్న చాక్లెట్లు), ట్రఫుల్స్ (మెత్తని చాక్లెట్ ఉండలు), పార్టీ బాక్సులు అన్నీ చేయిస్తామని, అసలైన కూవర్చర్ (కోకో గింజల కొవ్వు ఎక్కువగా ఉండే మేలురకం) చాక్లెట్‌తో కిట్ కూడా ఇస్తామని ఆవిడ ప్రకటనలో స్పష్టంగా ఉంది. ఫీజు వేరు, కిట్ వేరు. రెండూ ముందే కట్టించుకున్నారు. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు లెండి, దాని మీద నా పేరులో ఒక అక్షరం తప్పు పడింది. ఆ తప్పు ఒక్కటే అయితే ఈ పోస్టు రాసేదాన్నే కాదు.

కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవారి కోసం ఒక మాట చెప్పాలి, లేకపోతే జరిగిన మోసం ఎంతటిదో అర్థం కాదు. చాక్లెట్‌కు ఆ మెరుపు, విరిచినప్పుడు టక్కుమనే ఆ శబ్దం, నోట్లో పెట్టగానే కరిగే గుణం ఇచ్చేది కోకో బటర్, అంటే కోకో గింజల్లోని కొవ్వు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలైన కోడెక్స్ లెక్క ప్రకారం డార్క్ కూవర్చర్‌లో కోకో పదార్థం మొత్తం కనీసం 35 శాతం ఉండాలి, అందులో కోకో బటరే, చాక్లెట్ మొత్తం మీద లెక్కిస్తే, కనీసం 31 శాతం ఉండాలి. కాంపౌండ్ అనేది వేరే సరుకు. అందులో కోకో పొడి, పంచదార ఉంటాయి గాని కోకో బటర్ స్థానంలో వేరే కొవ్వు, చాలావరకు పామ్ గింజల నూనె వంటివి గట్టిపరిచి వేస్తారు. దాని ధర తక్కువ, దాన్ని టెంపర్ చేయనక్కర్లేదు, కరిగించి పోస్తే అదే గట్టిపడుతుంది. కాంపౌండ్ మీద నాకేమీ పగ లేదు. కేక్ పాప్స్ ముంచడానికి, పిల్లల పార్టీలో గబగబా ఏదైనా చేయడానికి నేనూ వాడతాను. కాంపౌండ్‌ను కాంపౌండ్ అని చెప్పి అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఇక క్లాసు రోజు. చాక్లెట్ అప్పటికే అట్టపెట్టెల్లోంచి తీసి, ముక్కలుగా కొట్టి, ఏ రాతా లేని పారదర్శక కవర్లలో మా అందరి ముందు పెట్టారు. టెంపరింగ్ అంటే డార్క్ చాక్లెట్‌ను సుమారు 45 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేసి పూర్తిగా కరిగించి, 27, 28 డిగ్రీలకు చల్లార్చి, మళ్ళీ 31, 32 డిగ్రీలకు తేవడం అని నేను చదువుకుని వెళ్ళాను. కోకో బటర్ ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు, వాటిలో అయిదో రకం ఒక్కటే మనకు కావలసిన మెరుపునూ గట్టితనాన్నీ ఇస్తుంది, ఈ వేడి చల్లదనాల తతంగమంతా దానికోసమే. అందుకే థర్మామీటర్ బయటికి ఎప్పుడు తీస్తారా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఆవిడ మైక్రోవేవ్‌లో కరిగించారు, గరిటెతో రెండు తిప్పులు తిప్పారు, మౌల్డుల్లో పోశారు, ఫ్రిజ్‌లో పెట్టారు. తీస్తే అద్దంలా మెరుస్తున్నాయి. అందరం చప్పట్లు కొట్టాం. టెంపర్ చేయకుండానే ఎలా వచ్చింది మేడమ్ అని నేను అడిగితే, "అది నా హస్తవాసి" అని నవ్వారు. మేమూ నవ్వాం. ఆ నవ్వు నా ఖర్చుతోనేనని తరువాత తెలిసింది.

కిట్‌లోని చాక్లెట్ తెచ్చుకున్నాను. వెంటనే ఒక స్నేహితురాలి కూతురి పుట్టినరోజు పార్టీకి బాన్‌బాన్ల ఆర్డరు వచ్చింది. కిట్‌లోది చాలదని, నా దగ్గర అంతకుముందు మిగిలిన, లేబుల్ ఉన్న మంచి కూవర్చర్‌ను అందులో కలిపి, థర్మామీటర్ పెట్టుకుని శ్రద్ధగా టెంపర్ చేసి మౌల్డుల్లో పోశాను. కూవర్చర్, కూవర్చర్ కలిస్తే ఏమవుతుంది? ఏమీ కాకూడదు. కాని అవి మౌల్డుల్లోంచి సరిగ్గా ఊడి రాలేదు. వచ్చినవాటి మీద మెరుపు లేదు, వేలితో తాకితే గుంట పడుతోంది. గదిని చల్లబరిచి మళ్ళీ పోశాను, మళ్ళీ అదే వరస. ఎలాగో బాక్సులు నింపి పంపితే, పార్టీ సమయానికి వాటి మీద బూడిద రంగు పొర పేరుకుంది, పిల్లల చేతులకు చాక్లెట్ మొత్తం అంటుకుంది. స్నేహితురాలు ఒక్క మాట అనలేదు. బాక్సులను మెల్లగా బల్ల చివరికి జరిపి, వాటి ముందు పూల గుత్తి పెట్టింది. ఆమె తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

నా చేతిలోనే ఏదో లోపం ఉందనుకుని నిద్రపట్టక చదవడం మొదలుపెడితే అసలు కారణం దొరికింది. పామ్ గింజల నూనె, కొబ్బరి నూనె వంటి లారిక్ కొవ్వులకూ కోకో బటర్‌కూ పడదు. వాటి స్ఫటికాలు ఒకదానిలో ఒకటి ఇమడవు. విడివిడిగా గట్టిగా ఉండే ఆ రెండు కొవ్వులూ కలిసేసరికి రెండింటి కంటే మెత్తని ముద్ద అవుతుంది, దాని మీద తొందరగా తెల్లటి పొర తేలుతుంది. సరిగ్గా నాకు జరిగింది అదే. అంటే కిట్‌లో నాకిచ్చింది కూవర్చర్ కాదేమో అన్న అనుమానం అప్పుడు మొదలైంది. అనుమానంతో మనిషిని నిందించకూడదని, స్వయంగా వెళ్ళి అడుగుదామని బయలుదేరాను.

ఇప్పుడు చెప్పబోయేది వినండి, ఈ పోస్టు రాయడానికి కారణం ఇదే. నేను వెళ్ళేసరికి ఆవిడ తరువాతి బ్యాచ్‌కి కిట్లు సర్దుతున్నారు. నేల మీద ఒక పెద్ద అట్టపెట్టె తెరిచి ఉంది, అందులోంచి చాక్లెట్ పలకలు తీసి, ముక్కలు చేసి, అవే రాతలేని కవర్లలో నింపుతున్నారు. పలకరింపులు అవుతుండగా నా చూపు ఆ పెట్టెకు ఒక వైపున ఉన్న లేబుల్ మీద పడింది. పంచదార, తరువాత హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ (గట్టిపరిచిన వంటనూనె కొవ్వు), తరువాత కోకో పొడి. అక్కడిదాకా చదివాను. కోకో బటర్ అన్న మాట ఇంకా ఎక్కడుందా అని వంగి చూడబోతుంటే, నాతో మాట్లాడుతూనే, నా ముఖంలోకి చూసి నవ్వుతూనే, ఆవిడ కాలి మునివేళ్ళతో ఆ పెట్టెను మెల్లగా తిప్పి లేబుల్ ఉన్న వైపును గోడకు చేర్చారు. చేత్తో కాదు, కాలితో. ఆ పెట్టెలో ఉన్నది నేను డబ్బు కట్టి కొన్న సరుకు, నేను పసిపిల్లల చేతికిచ్చిన సరుకు.

మేడమ్, ఆ లేబుల్ ఒకసారి చూడవచ్చా అని అడిగాను. ఎందుకు అన్నారు. పార్టీలో జరిగినదంతా చెప్పాను, గొంతు పెంచలేదు. అప్పుడు ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి చెప్పిన మాట ఇది: "చూడమ్మా, ఇంట్లో చేసుకునేవాళ్ళకి ఇది చాలా ఎక్కువ. తినేవాళ్ళకి తేడా తెలుస్తుందా? నీకు చెయ్యడం రాకపోతే సరుకుని అంటే ఎలా?" ప్రకటనలో కూవర్చర్ అని రాశారు కదా అంటే, "అందరూ అలాగే రాస్తారు" అన్నారు. మాయ మాటలతో నన్ను ఒప్పించే ప్రయత్నం చేసినా ఇంత బాధ ఉండేది కాదు. అబద్ధం దొరికిపోయిందన్న సంకోచం కూడా ఆ ముఖంలో లేదు. ఇంట్లో వంటగదిలో నిలబడి పని చేసేవారికి మంచి సరుకు అక్కర్లేదు, వారి దగ్గర కొనుక్కునేవారికి నాలుక లేదు, ఇదీ మన గురించి ఆ గురువుగారి అభిప్రాయం.

ఇంటికి చేరేలోపే విద్యార్థుల గ్రూపులో, కొందరికి ఓపికగా నేర్చుకోవడం చేతకాక పదార్థాల మీద నెపం వేస్తున్నారని ఒక సందేశం పెట్టారు. దానికి నేను మర్యాదగా, ఆ పెట్టె మీది లేబుల్ ఫోటో ఒకటి గ్రూపులో పెట్టండి, నేను అందరి ముందూ క్షమాపణ చెబుతాను అని రాశాను. ఫోటో రాలేదు గాని నన్ను గ్రూపులోంచి తీసేశారు. ఫీజు గురించి వేరేగా అడిగితే, ఒకసారి క్లాసు జరిగాక తిరిగి ఇవ్వడం మా పద్ధతి కాదు అని సమాధానం. టెంపరింగ్ నేర్పకుండానే టెంపరింగ్ క్లాసు జరిగిపోవడం మాత్రం వారి పద్ధతిలో ఉన్నట్టుంది. నిజానికి ఆ క్లాసులో టెంపరింగ్ నేర్పడం ఎవరివల్లా కాదు, ఎందుకంటే టెంపర్ చేయడానికి ఆ కవర్లలో కోకో బటరే లేదు. హస్తవాసి రహస్యం అదీ. మెరిసిన వాటిని చూసి చప్పట్లు కొట్టినవారిలో నేనే అందరికంటే గట్టిగా కొట్టాను, నా తెలివికి నేనే దండం పెట్టుకోవాలి.

కొనేవారు చేయగలిగింది కొంత ఉంది, తొందరగా చెప్పేస్తాను. సీలు తీయని ప్యాకెట్ చూపించమని క్లాసుకు ముందే అడగండి, పదార్థాల జాబితాలో కోకో బటర్ ఉందో, దాని బదులు వెజిటబుల్ ఫ్యాట్ ఉందో చదవండి. కవర్ మార్చి ఇచ్చిన సరుకు ఇప్పటికే మీ దగ్గర ఉంటే, ఒక చిన్న ముక్కను బాగా కరిగించి, టెంపర్ చేయకుండానే బేకింగ్ పేపర్ మీద పలచగా పూసి చల్లని గదిలో వదిలేయండి. చక్కగా గట్టిపడి మెరుస్తూ ఉంటే అది దాదాపుగా కాంపౌండే. అసలైన చాక్లెట్ అయితే ఆ స్థితిలో చాలాసేపు జిగటగా ఉండి చారలు చారలుగా, మచ్చలుగా ఆరుతుంది. ఏది ఏమిటో తేలేదాకా ఆ రెండింటినీ ఒక గిన్నెలో కలపకండి, ముఖ్యంగా ఆర్డరు ఉన్నప్పుడు. టెంపరింగ్ నేర్పుతామనేవారి బల్ల మీద థర్మామీటర్ గాని, చాక్లెట్ పరిచి చల్లార్చే రాతి పలక గాని కనబడకపోతే ఏం చేయబోతున్నారో నేరుగా అడగండి.

ఆవిడ కొత్త బ్యాచ్ ప్రకటన మళ్ళీ వచ్చింది, అందులో కూవర్చర్ అన్న మాట అలాగే ఉంది. అడ్వాన్సు కట్టినవారు ఎవరైనా ఉంటే మిగతాది కట్టేముందు ఆ పెట్టె మీది లేబుల్ ఫోటో పంపమని రాతపూర్వకంగా అడిగి, వచ్చిన సమాధానాన్ని దాచుకోండి. నాకిచ్చిన కిట్‌లో మిగిలిన ముక్కలు, ఆ ప్రకటన, గ్రూపులోని సందేశాలు అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి, వాటితో వినియోగదారుల ఫిర్యాదు రాస్తున్నాను. ఇదే అనుభవం మీకూ జరిగి ఉంటే నాకు చెప్పండి, కలిసి పెడదాం. డబ్బు తిరిగి వస్తే ఇక్కడే రాస్తాను, రాకపోయినా రాస్తాను.