మనాలి–లేహ్ దారిలో కరెంటు లెక్క

సెప్టెంబర్ ఆఖరి వారంలో నేనూ మా బావమరిదీ మనాలి నుంచి లేహ్ వెళ్ళాం. ఇద్దరివీ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బండ్లే. హైదరాబాద్‌లో పెట్రోల్ ఖాళీ చేయించి, రైలు పార్సిల్‌లో ఢిల్లీకి పంపి, అక్కడి నుంచి నడుపుకుంటూ పోయాం. చలికి నేను హ్యాండిల్‌కి హీటెడ్ గ్రిప్పులు, ఒంటికి బండి బ్యాటరీతో నడిచే హీటెడ్ వెస్టు పెట్టుకున్నాను. వాడేమో సొంత బ్యాటరీలతో వేడెక్కే ఛార్జింగ్ గ్లోవ్స్ కొనుక్కున్నాడు. ఇవి కాక నా బండికి రెండు 20 వాట్ల ఎల్ఈడీ లైట్లు.

మొదటి రాత్రి జిస్పాలో. అటల్ టన్నెల్ దాటాక తాండిలో ట్యాంకు నింపుకుని, చీకటి పడకముందే చేరాం. భాగా నది పక్కన చిన్న గెస్ట్‌హౌస్. గదిలో రెండు ప్లగ్గు పాయింట్లు, రాత్రంతా కరెంటు, వేడినీళ్ళు. ఈ దారిలో దానికి మించిన సుఖం లేదు. గ్లోవ్స్ బ్యాటరీలు, ఫోన్లు, పవర్‌బ్యాంకు అన్నీ నిండాయి.

నా తప్పు మర్నాడు బయటపడింది. మధ్యాహ్నానికల్లా మంచు కరిగి వాగులు పొంగుతాయని తెల్లవారక ముందే బయలుదేరాం. చీకటి కాబట్టి లైట్లు వేశాను, చలి కాబట్టి గ్రిప్పులూ వెస్టూ వేశాను. బారాలాచా కనుమ ఎక్కేటప్పుడు రాళ్ళ దారి, ఫస్టు గేరు, సెకండు గేరు. పక్కకు వచ్చిన బావమరిది నా హ్యాండిల్ మీది చిన్న వోల్ట్‌మీటర్ చూసి అరిచాడు: "బావా, పన్నెండు వోల్టులకి దిగింది, లైట్లు ఆపెయ్!"

లెక్క చూస్తే విషయం తేటతెల్లం. బండిలో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ మొత్తం 220 వాట్లు, అదీ ఇంజన్ బాగా తిరిగినప్పుడు. హెడ్‌లైటు 55 వాట్లు, పైగా 2017 నుంచి వచ్చిన రూలు ప్రకారం ఇంజన్ నడుస్తున్నంతసేపూ అది వెలుగుతూనే ఉంటుంది. పెట్రోల్ పంపు, కాయిల్, ఇంజన్ కంప్యూటర్, వెనక లైటు కలుపుకుంటే బండి సొంత ఖర్చే నూటముప్ఫై దాకా వేసుకోవచ్చు. మిగిలేది తొంభై. నా వెస్టు 65, గ్రిప్పులు 35, లైట్లు 40, మొత్తం 140. నెమ్మదిగా ఎక్కేటప్పుడు ఆ తొంభై కూడా రాదు. లోటంతా 8 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ మీద పడుతుంది, చలికి దాని బలం ఇంకా తగ్గుతుంది.

రెండో రాత్రి సర్చూ టెంట్లో. భోజనం, టిఫిను కలిపి మనిషికి పదిహేను వందలు. అన్నం, పప్పు వేడిగా పెట్టారు, రజాయిలు బరువుగా ఉన్నాయి, మనుషులు మంచివాళ్ళు. జనరేటర్ మాత్రం ఏడు నుంచి పది దాకానే. భోజనాల దగ్గర ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పాతిక ఫోన్లు. గ్లోవ్స్ బ్యాటరీలు సగం కూడా ఎక్కలేదు. లిథియం బ్యాటరీని గడ్డకట్టే చలిలో ఛార్జ్ చేస్తే పాడవుతుందని మా బావమరిది వాటిని రజాయిలో పెట్టుకుని పడుకున్నాడు. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు, ఇద్దరికీ తలనొప్పి, నిద్ర సరిగా లేదు.

పొద్దున్న నా బండి స్టార్ట్ కాలేదు. టిక్కు టిక్కుమని శబ్దం, అంతే. హైదరాబాద్‌లో గ్రిప్పులు బిగించిన షాపువాళ్ళు రిలే (తాళం ఆపితే కరెంటూ ఆపే స్విచ్చు) పెట్టకుండా వైరు నేరుగా బ్యాటరీకి కలిపారు. తాళంచెవి తీసేసినా గ్రిప్పులు ఆగవు. స్విచ్ ఆపడం మర్చిపోయాను, రాత్రంతా బ్యాటరీని తాగేశాయి. తోద్దామంటే ఇంజెక్షన్ బండి, పంపు తిరగడానికే కరెంటు లేదు. పక్కనే లారీ ఉంది, కానీ లారీలది 24 వోల్టులు, దానికి కలిపితే బండి ఎలక్ట్రానిక్స్ మాడిపోతాయి. ఓ టాక్సీ డ్రైవర్ కేబుళ్ళు తెచ్చాడు. కారు ఇంజన్ ఆపే ఉంచాడు. ఎర్రది ప్లస్సుకి, నల్లది ఇంజన్ ఇనుముకి. ఒక్క నొక్కుకే లేచింది. డబ్బులిస్తే తీసుకోలేదు.

ఆ రోజు గాటా లూప్స్ ఇరవై ఒక్క మలుపులూ వెస్టు లేకుండానే ఎక్కాను. పాంగ్‌లో ఢాబా మంచాలు చవక, కానీ సోలార్ బల్బు తప్ప ప్లగ్గు లేదు. అందుకే ఆగకుండా లేహ్ చేరాం.

లేహ్‌లో ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర రెండు గంటలు కూర్చున్నాను. పాత వైరింగ్ పీకేసి, తాళంతో పనిచేసే రిలే పెట్టాడు. గ్రిప్పులకి 5 ఆంపియర్ల ఫ్యూజు, వెస్టుకి 7.5. నల్ల వైరు ఫ్రేముకి కాకుండా నేరుగా బ్యాటరీ మైనస్‌కి. లైట్లలో ఒకటి విప్పేసి బ్యాగులో వేశాను.

నన్నడిగితే ఈ దారిలో సర్చూలో పడుకోవద్దు. జిస్పాలో రెండు రాత్రులుండి ఒంటికి ఎత్తు అలవాటు చేసుకుని, మూడో రోజు ఐదింటికే బయలుదేరి లేహ్ చేరడం మేలు. చాలా పొడుగు ప్రయాణమే, కానీ ప్లగ్గు ఉన్న గది నుంచి ప్లగ్గు ఉన్న గదికి వెళ్తాం. హీటెడ్ సామానుకంటే ముందు హ్యాండ్‌గార్డులు, అంటే హ్యాండిల్ మీద చేతులకి ముందు అడ్డుగా ఉండే కవర్లు, కొనండి. గ్రిప్పులు అరచేతిని వేడి చేస్తాయి, వేళ్ళ వెనక కొట్టే గాలిని ఆపేది హ్యాండ్‌గార్డులే, పైగా ఒక్క వాటు అడగవు. గ్లోవ్స్ మాత్రం రోజూ ఛార్జింగ్ దొరికే దారికే బాగుంటాయి.

తిరుగు ప్రయాణంలో తంగ్లాంగ్ లా కనుమ మీద మంచు పడుతోంది. వెస్టు సగంలో, గ్రిప్పులు ఫుల్లు, ఒక లైటు. ఇంజన్‌ని నిమిషానికి నాలుగు వేల చుట్ల పైన తిప్పుతూ ఎక్కాను. మీటరు 13.6 వోల్టుల నుంచి కదల్లేదు. పైన ఆగి బావమరిది చేతిని నా గ్రిప్పు మీద పెట్టించాను. వాడు చాలాసేపు తీయలేదు.